నిప్పుకు వర్గం లేదా?

నిప్పుకు పేదా గొప్పా తేడా లేదని వేదాంతం చెప్పేవారున్నారు. హైదరాబాదులో ఆ మాట చెల్లదు.

1998లో సైబర్ టవర్స్ లేచింది మొదలు మాదాపూరు, గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు పెరుగుతూనే ఉన్నాయి. కట్టేది బీహారు, ఒడిశా, పాలమూరు కూలీలు. 18 మీటర్లు దాటే నివాస భవనానికి అగ్నిమాపక శాఖ సమ్మతి ఉండి తీరాలన్నది చట్టం. మంచిదే. కాని ఆ మేడ కట్టేవాడు పడుకునే రేకుల షెడ్డుకు ఎత్తెక్కడిది? చట్టం తలెత్తి చూస్తుందే గాని వంచి చూడదు.

అలాంటి పడకల గతి ఏమిటో ఇదే నగరంలో, సికింద్రాబాదు బోయిగూడలో చూశాం. 2022 మార్చి 23 తెల్లవారుజామున తుక్కు గోదాము అంటుకుంది. పైన నిద్రిస్తున్న బీహారు కార్మికులు 11 మంది ప్రాణాలు విడిచారు. దిగేందుకు ఒకటే మెట్లదారి, అదీ మంటల్లోకే. షార్టు సర్క్యూటు అయివుంటుందన్నారు. పేదవాణ్ణి చంపేది ఎప్పుడూ కరెంటు తీగేనాయె, లాభాపేక్ష కాదు! కుటుంబానికి 5 లక్షలని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. శవాలు సొంతూళ్లకు వెళ్లాయి.

భవన నిర్మాణ కార్మికులకు యజమానే ఉచితంగా బస కల్పించాలని 1996 నాటి చట్టం, 34వ సెక్షను 2025 దాకా అంటూ వచ్చింది. వంటకు, స్నానానికి వేరే చోటు చూపాలనీ అనేది. మరి మేడ ప్లానుతోపాటు ఆ బస ప్లానును కూడా ఎందుకు అడగరు? రెండు దారులున్నవో లేవో చూడకుండా పునాది ఎలా తవ్వనిస్తారు?