ఆరోగ్యవిషయములు: మధుమేహమున పప్పు మానవలదు



మధుమేహము వచ్చినదనగానే మన యిండ్లలో మొదట తీపిని, పిదప అన్నమును మాన్పింతురు. కొందఱు పెద్దవారు అంతటితో నాగక పప్పును సైతము విడిచి, జొన్నరొట్టెయు పచ్చడియు తిని, పథ్యము చేయుచున్నామని తృప్తి నొందుదురు. ఇది పథ్యము గాదని మా యభిప్రాయము.

భోజనానంతరము రక్తమున చేరు చక్కెరలో పెద్దభాగమును గ్రహించి దాచుకొనునవి కండరములు. అందుకు తలుపు తెఱచునది ఇన్సులిన్. కండ కరగిపోకుండ కాచునదియు నదియే. అది చాలనప్పుడు, లేదా దాని మాట చెల్లనప్పుడు, చక్కెర రక్తమున నిలిచిపోవును, కండయు క్షీణించును. కండ తగ్గినకొలది చక్కెరకు చోటును తగ్గును. దీనికితోడు పొట్టలో పేరిన క్రొవ్వునుండి వెలువడు కొన్ని పదార్థములు పైకి కనబడని వాపును దేహమంతట రగిలించి, ఇన్సులిన్ పనిని చెఱచును. గోడ పట్టుకొని మెట్లు దిగు అత్తగారిని చూచి, అది వయసువలన ననుకొని మనము ఊరకుందుము.

కండను కట్టునవి మాంసకృత్తులు. వానిని కట్టునవి అమైనో ఆమ్లములు. వీనిలో తొమ్మిదింటిని దేహము తానై చేసికొనలేదు. లూసిన్ అనునది కండ కట్టుమని ఆజ్ఞ యిచ్చును గాని, తక్కిన సామగ్రి లేనిచో ఆజ్ఞ యేమి చేయును? జొన్నలో లూసిన్ మెండు, లైసిన్ కొఱత. కందిపప్పులో లైసిన్ సమృద్ధి, మెథియోనిన్ తక్కువ. ఆ లోటును జొన్న పూడ్చును. మర్పల్లివంటి యూళ్లలో రొట్టెకు పప్పు జత కూర్చినవారు ఈ పేళ్లెఱుగరు, పని యెఱుగుదురు. మర్పల్లి యున్న వికారాబాదు జిల్లాలోనిదే తాండూరు. అచ్చటి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి పప్పు ఇంటి పెద్దామె కంచమున లేకుండుట వింత గదా!

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారము పెద్దవారికి బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. నూఱు గ్రాముల పచ్చి కందిపప్పులో నున్నవి సుమారు 22. అందఱి వెనుక భుజించు నామెకు గిన్నె యడుగున పప్పునీరే మిగులు నిండ్లలో ఈ లెక్క ఎట్లు కుదురును? రొట్టె కొంత తగ్గించి, పప్పు చిక్కగా వండి, ముందే ఆమె పాలు తీసియుంచుడు. పెరుగును, తినువారికి గ్రుడ్డును చేర్చుడు.

అట్లని డబ్బాలలో నమ్ము లూసిన్ చూర్ణములకు ఎగబడవలదు. లూసిన్, వాలిన్ మొదలైన ఐదు ఆమ్లములు రక్తమున హెచ్చుగా నున్నవారికి తరువాతి 12 ఏండ్లలో మధుమేహము ఎక్కువగా వచ్చినట్లు 2011లో అమెరికాలో నొక పరిశోధన తెలిపినది. అది రోగమునకు కారణమో, ఇన్సులిన్ మందగించుటకు ఫలమో ఇంకను చర్చలోనే యున్నది. పప్పు తినుటచే రోగము వచ్చునని దాని యర్థము గాదు.

ఇక పని. కదలుచున్న కండ ఇన్సులిన్ సాయము లేకయే కొంత చక్కెరను లాగుకొనును. కావున భోజనమైన పిమ్మట పది నిమిషములు నడచుటయు, చేతు లానించక కుర్చీనుండి పలుమాఱులు లేచి కూర్చుండుటయు మంచివి. మూత్రపిండములు చెడినవారు మాత్రము పప్పు కొలతను వైద్యు నడిగియే నిర్ణయించుకొనవలయును.