తెరచాపకు తుపాకి తోడా?

హైదరాబాదు పాతబస్తీలో చాంద్రాయణగుట్టకు చేరువనున్న బార్కస్ వీథులలో నేటికిని హద్రమౌత్ అరబ్బుల సంతతివారు నివసించుచున్నారు. నిజాముల కొలువున సిపాయిలుగా చేరుటకై అరేబియా సముద్రమును దాటి వచ్చిన ఆయుధజీవుల వంశీయులు వీరు. ఆనాటి బ్యారక్సుల పేరే కాలక్రమమున వాడకు పేరైనది. ఆ కాలమున సముద్రయానము చేయువానికి ఆయుధము నిత్యసహచరి.

నేడు మన యూరికి సముద్రము మరల దగ్గరయైనది. 2017 సెప్టెంబరు 10న గోవా తీరము విడిచి, ‘తారిణి’ యను తెరచాప నావపై భూప్రదక్షిణము గావించి, 2018 మే 21న తిరిగివచ్చిన ఆరుగురు నావికాదళ వనితలలో హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి యొకరు, విశాఖకు చెందిన స్వాతి మరియొకరు. హుస్సేన్ సాగరమున తెరచాప పట్టనేర్చిన పిల్లలు రేపు స్వంత నావలపై పరదేశములకు పోవుదురు. అప్పుడు ఆత్మరక్షణకై తుపాకిని వెంట గొనిపోవలెనా యను ప్రశ్న వచ్చును. వలదని నా నిశ్చయము.

తుపాకి యెన్నడును అక్కరకు రాదనుట సత్యము కాదు. 2005 మార్చి 8న, బార్కస్ వారి పూర్వుల దేశమైన యెమన్ తీరమునకు దూరముగా పోవుచుండిన రెండు తెరచాప నావలపై దొంగలు కాల్పులు జరుపగా, ఒక నావికుడు తన షాట్‌గన్‌తో ఎదురు కాల్చెను, రెండవ నావ దొంగల పడవను ఢీకొనెను. నావికులందరును ప్రాణములతో బయటపడిరి. కాని 2001 డిసెంబరులో అమెజాన్ ముఖద్వారమున మకాపా చెంత లంగరు వేసికొనియుండిన ప్రపంచప్రఖ్యాత నావికుడు సర్ పీటర్ బ్లేక్, రైఫిలు చేతబట్టి దొంగల నెదిరించి, ఒకనిని గాయపరచిన పిమ్మట, అది మొరాయించుటచే వారి గుండ్లకు బలియయ్యెను. వారెత్తుకొనిపోయినది ఒక పడవ యింజను, కొన్ని చేతిగడియారములు. నావలోని తక్కినవారు బ్రతికిరి.

నన్ను ఇంతకంటె కలతపెట్టునది నిరపరాధుల మరణము. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరమున, ‘ఎన్రికా లెక్సీ’ యను చమురునౌకపై కాపలా కాయుచుండిన ఇటలీ సైనికులు, సమీపించు పడవను దొంగలదిగా భ్రమించి కాల్చగా, ఇరువురు జాలరులు అసువులు బాసిరి. శిక్షణ పొందిన సైనికుల కన్నులే పట్టపగలు మోసపోగా, నిద్రలేమితో, భయముతో నడిరేయి నావపై నిలుచున్న గృహస్థుని కన్నులు మోసపోవని యెవరు పూచీపడగలరు? శ్రీకాకుళము నుండి గుజరాతు వరకు వలసపోయి సముద్రముపై బ్రదుకు మన మత్స్యకారులును అట్టి పడవలలోనే యున్నారు.

ఇక చట్టము. 1959 నాటి ఆయుధముల చట్టము, లైసెన్సు లేనిదే సముద్రమార్గమున ఆయుధమును దేశములోనికి తెచ్చుటను, వెలికి గొనిపోవుటను నిషేధించుచున్నది. మన పోలీసు కమిషనరు ఇచ్చిన లైసెన్సు పరదేశపు రేవున చెల్లదు. పెక్కు దేశములలో రేవు చేరగానే తుపాకిని కస్టమ్స్ వారికి అప్పగించి, వెడలునపుడే తిరిగి తీసికొనవలెను. అనగా, లంగరు వేసిన నావలోనికి దొంగలు ఎగబ్రాకు రాత్రి ఆ తుపాకి కార్యాలయపు బీరువాలో నుండును. 2013 అక్టోబరులో తూత్తుకుడి చెంత పట్టుబడిన ‘సీమన్ గార్డ్ ఒహాయో’ వాణిజ్యనౌకలను కాపాడు సాయుధ రక్షకుల ఓడ. అందలి 35 మంది ఆయుధచట్టము క్రింద నేరారోపణ నెదుర్కొని, 2016లో ఐదేండ్ల శిక్ష పొంది, 2017 నవంబరులో మద్రాసు హైకోర్టు నిర్దోషులని తీర్చువరకు విముక్తులు కాలేదు. వృత్తిరీత్యా ఆయుధము ధరించినవారి గతియే యిది.

దొంగల భయముగల జలములను చుట్టి పోవుట, తోడి నావలతో గుంపుగా నడచుట, వీహెచ్ఎఫ్ రేడియోను నిరంతరము వినుచుండుట: ఇవియే మేలైన రక్షణములు. మన నగరమున ఎన్నికలు రాగానే లైసెన్సుదారులు తమ తుపాకులను ఠాణాలో అప్పగింతురు. నావ నెక్కబోవు యువకులారా, మీరును అట్లే అప్పగించి పొండు.