రెండు జెముళ్లు

నాగజెముడు, బొమ్మజెముడు. పేర్లు వింటే అన్నదమ్ములే అనిపిస్తుంది. కాదు. నాగజెముడు అమెరికా ఖండాల నుంచి వచ్చిన కాక్టస్. బొమ్మజెముడు మన నేలది, ఆముదం కుటుంబానికి చెందింది. గిల్లితే పాలు కారతాయి (మీరు గిల్లకండి, కళ్లలో పడితే ప్రమాదం). నాగజెముడుకు ఆ పాలు లేవు. అయినా రెండూ లావైన కాండంలో నీరు దాచుకుంటాయి, ఆకులు తగ్గించుకొని ముళ్లు తొడుక్కుంటాయి. పేరు పెట్టినవాళ్లు రూపం చూసి పెట్టారు మరి! దీన్నే అభిసారి పరిణామం అంటారు.

ఇందాలో మా తరగతి చర్చ దీని మీదే ఆగింది: గుడ్డిగా జరిగే మ్యుటేషన్లు రెండు ఖండాల్లో ఒకే రూపం ఎలా ఇచ్చాయి?

మ్యుటేషన్లు ఒక్కటే కారణమంటే మేమూ నమ్మం. గుడ్డిది మార్పు మాత్రమే, ఏరివేత కాదు. రెండు చోట్లా ఎండ ఒకే జల్లెడ పట్టింది. నీరు నిలుపుకోలేని మొక్క విత్తనం వేయకముందే ఎండిపోయింది, కాస్త దాచుకున్నది పిల్లల్ని మిగిల్చింది. ఇలా లక్షల ఏళ్లు.

ముందే గీసిన నమూనా ఉందని వాదించినవాళ్లకు మా ప్రశ్న ఒకటి. నాగజెముడు ముళ్లు ఆకులు మారి వచ్చినవి. బొమ్మజెముడు ముళ్లు ఆకు మొదట్లో ఉండే పత్రపుచ్ఛాలు మారి వచ్చినవి. నమూనా ఒకటే అయితే ముళ్లకు రెండు పుట్టుకలు ఎందుకు?