ఏ పెట్టె కొనాలి బాబూ?

రాజోలు వైపు నుంచి ఓ పాఠకుడు అడిగాడు: "గురువుగారూ, మా టీవీలో నెట్ సినిమాలు చూడాలంటే ఏ పెట్టె కొనమంటారు?" ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం చేయి కాల్చుకుని నేర్చుకున్నాను సుమండీ!

మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ సినిమా హాలు మెట్లెక్కడం మానేసింది. హాలునే ఇంటికి తెద్దామనుకుని, ఊరూ పేరూ లేని ఆండ్రాయిడ్ పెట్టె ఒకటి చవగ్గా కొన్నాను. అట్ట మీద '4కె' అని ఇంతింత అక్షరాలు! శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) పెట్టాను. లాంచీ కదిలింది. అమ్మ కళ్ళు చికిలించి, "ఏరా, గోదారికి మంచు పట్టిందా?" అంది.

మంచు పట్టింది గోదారికి కాదు, నా పెట్టెకి! సంగతేమిటంటే, దొంగ కాపీలు తియ్యకుండా సినిమా యాప్‌లు బొమ్మకి తాళం వేసి పంపుతాయి. ఆ తాళాన్ని గట్టి భద్రతతో తీసే అర్హతకి 'వైడ్‌వైన్ ఎల్1' అని పేరు. అది లేని పెట్టెకి పెద్ద యాప్‌లు చాలావరకు 480 గీతల బొమ్మతో సరిపెడతాయి. టీవీ ఎంత పెద్దదైతే మసకా అంత పెద్దది! అంచేత అట్ట మీద రాసింది నమ్మకండి. మీరు చూసే యాప్‌ని కొట్లోనే పెట్టించి, బొమ్మ చూశాకే డబ్బులివ్వండి.

అసలు పెట్టె అవసరమా అన్నది ముందు చూసుకోండి. స్మార్ట్ టీవీ అయితే యాప్‌లు అందులోనే ఉంటాయి. పాత టీవీ అయితే వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందేమో చూడండి. ఎరుపు, తెలుపు, పసుపు తీగలే ఉంటే వాటికి సరిపడే పెట్టె అడగాలి. వేలెడంత పుల్ల పనికిరాదు.

ఇక డేటా. ఫోన్ హాట్‌స్పాట్ ఉందిగా అంటారా? హెచ్‌డీ బొమ్మ గంటకి దాదాపు 3 జీబీ తాగుతుంది. రెండున్నర గంటల సినిమాకి ఏడున్నర! మీ ఫోన్‌కి రోజుకి 2 జీబీ అయితే నలభై నిమిషాలకే తెర పడుతుంది. ఇంటర్వెల్ సమోసా కూడా దక్కదు. ఇంటికి తీగ ఉండి, వేగం 5 ఎంబీపీఎస్‌కి తగ్గకపోతేనే పెట్టె మాటెత్తండి.

ఆ తీగ కథ మన కోనసీమకి కొత్తకాదు. సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరులోనే ఏపీ ఫైబర్ గ్రిడ్‌ని ఆర్భాటంగా ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్, ఫోను అన్నారు. 2023 జూన్‌లో అదే ఫైబర్‌నెట్ 'ఫస్ట్ డే ఫస్ట్ షో' అంటూ 'నిరీక్షణ' అనే కొత్త సినిమాని విడుదల రోజే ఇళ్ళకి పంపింది. టికెట్ 99 రూపాయలు, గడువు 24 గంటలు. ఇంటిల్లిపాదికీ ఒకటే టికెట్!

ఇలా తీగవాళ్ళిచ్చే పెట్టెతో సుఖమేమిటంటే, చానెళ్ళూ సినిమాలూ ఒకే రిమోట్‌లో ఉంటాయి. పెద్దవాళ్ళకి అదే హాయి. చిక్కేమిటంటే, ఆ తీగ మానేస్తే పెట్టె అలంకారానికే! పైగా మన వైపు తీగ కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. తుపానుకి స్తంభం ఒరిగితే దీపమూ బొమ్మా కలిసే పోతాయి.

పుల్లకా బాధ లేదు. ఫైర్ టీవీ స్టిక్ లాంటిదాన్ని జేబులో వేసుకుని కాకినాడ హాస్టల్‌కైనా, హైదరాబాద్ గదికైనా పట్టుకుపోవచ్చు. వైఫై ఉంటే చాలు. 1 జీబీ ర్యామ్ పుల్ల కొన్నాళ్ళకి నత్తనడక పడుతుంది. నాలుగు డబ్బులెక్కువైనా 2 జీబీదే తీసుకోండి.

ఒక్క మాట మరిచిపోకండి. పెట్టె ధర ఒక్కసారే, యాప్‌ల చందా మాత్రం మళ్ళీ మళ్ళీ. నాలుగు యాప్‌లు కట్టి ఒక్కటి చూసేవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు!

నా తీర్పు ఇదీ: ఊళ్ళో పెద్దవాళ్ళుండే ఇంటికి తీగవాళ్ళ పెట్టె. చదువులకీ ఉద్యోగాలకీ ఊళ్ళు మారే కుర్రకారుకి పుల్ల. చవక పెట్టె ఎవరికీ వద్దు.

నా చవక పెట్టె అటకెక్కింది. మొన్న కొత్త పెట్టెలో మళ్ళీ 'గోదావరి' పెట్టాను. అమ్మ పాపికొండలు వచ్చేదాకా కదల్లేదు. తర్వాత అంది కదా, "చిన్నప్పుడు 'అందాల రాముడు' హాల్లో చూశాన్రా. ఈలలు లేవు గానీ, నీళ్ళు మాత్రం అవే!"