పురుళ్ళు పోసిన చేతులకు అనుభవం కాగితం ఏదీ?

నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల ఒకతె మొన్న నందిగామ బస్టాండులో కనపడింది. జగ్గయ్యపేట పక్క పల్లెలో మన మాదిగపేట పిల్లే. తల్లి మిరప కోతలకు పోయి చదివించింది. మూడేళ్ళు జీఎన్‌ఎం చదివి, బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది.

"సౌదీ పోదామనుకున్నా మాస్టారూ. రెండేళ్ళ అనుభవం కాగితం కావాలంట. మా ఆసుపత్రోళ్ళు ఇవ్వట్లా. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ళ బీరువాలోనే ఉన్నయ్" అంది.

నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. మంత్రసాని. ఊళ్ళో సగం మందికి పురుడు పోసింది. పెద్దకులాల ఇళ్ళల్లో బొడ్డు కోసేదాకా ఆ చేతులు కావాలి. కోశాక పెరటి గుమ్మంలోంచి బయటికి నడవాలి. కూలి కాసిని జొన్నలు, ఒక పాత కోక. అదంతా అనుభవమని ఎవరు రాసిచ్చారు?

నెత్తురూ మలమూత్రాలూ ముట్టే పని గనక నర్సు పనంటే పెద్దకులాలకు చాలాకాలం రోత. 1898లో గుంటూరులో అన్నా కుగ్లర్ తెరిచినలాంటి మిషన్ ఆసుపత్రుల్లో ఆ పని నేర్చినవాళ్ళలో మన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఇప్పుడు అదే పనికి గల్ఫ్, ఇంగ్లాండు, జర్మనీ రమ్మంటున్నాయి. అక్కడి ఆసుపత్రి మన కులం అడగదు. (మనతోపాటు విమానమెక్కినవాళ్ళు అడుగుతారు, అది వేరే సంగతి.) గల్ఫ్‌కి ప్రోమెట్రిక్ పరీక్ష, ఇంగ్లాండుకి ఇంగ్లీషు, జర్మనీకి జర్మన్ భాష. ఇవన్నీ కష్టపడితే వచ్చేవే. కష్టపడ్డా రానిది ఇక్కడి యజమాని సంతకం. తాళం అక్కడుంది.

జీతం సంగతి చూడండి. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదంది. ఈ పిల్లకిచ్చేది తొమ్మిది వేలు!

జగ్గయ్యపేటలో ఒక ఏజెంటు మూడు లక్షలడిగాడట, దొంగ అనుభవం కాగితం కూడా కలిపి. తల్లులారా, ఆ పని చెయ్యకండి. గల్ఫ్ వాళ్ళు డేటాఫ్లో అనే సంస్థ చేత నేరుగా ఆసుపత్రినే అడిగిస్తారు. దొరికితే దారి మూసుకుపోయినట్టే. ఏజెంటన్నవాడికి కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషను ఉండాలి. వాడు తన రుసుం కింద 30,000, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. రసీదు అడగండి.

"ఉద్యమం వదిలి పరాయి దేశాలెందుకు?" అని మన సంఘంలోనే కొందరంటున్నారు. అన్నా, 1913లో బాబాసాహెబ్ న్యూయార్కు ఓడ ఎక్కినప్పుడు ఇలా అన్నవాళ్ళుంటే మనమెక్కడుండేవాళ్ళం? ఐసీయూలో నాలుగేళ్ళు చేసొచ్చిన మన పిల్ల మన తాలూకా ఆసుపత్రిలో నిలబడితే ఎవరికి నష్టం? ఎస్సీ కార్పొరేషను బర్రెలకూ ఆటోలకూ అప్పులిచ్చింది. ఈ పరీక్షల ఫీజులూ కట్టమని అడుగుదాం.

ఈ నెల ఆఖరి సోమవారం అయిదుగురం ఆ పిల్లతో బెజవాడ పోతున్నాం, ఆమె కాగితాలు ఆమెకిమ్మని అడగడానికి. పొద్దున ఏడింటికల్లా నందిగామ బస్టాండులో ఉంటాం. వచ్చేవాళ్ళు రండి.