బొటనవేలికి 30 శాతం, బతుకుకు ఎంత?



సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటే నెలకు 6,000 రూపాయలు. 39 ఉంటే సున్నా. 2024 జులైలో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000కు పెంచారు. పూర్తిగా మంచానపడ్డవారికి 15,000 చేశారు. మంచి పనే, కాదనం. కానీ ఏడాది తిరగకముందే మళ్లీ పరీక్షలు మొదలుపెట్టి, 2025 ఆగస్టులో రాష్ట్రమంతటా నోటీసులు పంచారు. శాతం తగ్గింది, మీకు అర్హత లేదు అన్నారు.

దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయంటారు. ఉంటే ఏరేయండి, వాటిని రాసిచ్చినవాళ్లనూ పట్టుకోండి. ఆ పేరు చెప్పి నిజంగా కాలుచేయి లేనివాణ్ణి దోషిలా నిలబెట్టడం ఏ న్యాయం?

అసలు శాతం ఎట్లా లెక్కగడతారో చూడండి. కేంద్రం ఇచ్చిన పట్టిక ప్రకారం బొటనవేలు మొదలంటా పోతే 30 శాతం. మధ్యవేలికి 5, చిటికెనవేలికి 2. బొటనవేలు లేకుండా చెనిక్కాయ చెట్టు పీకగలరా? కొడవలి పట్టగలరా? కుర్చీలో కూర్చుని పనిచేసేవాడికీ, గార్లదిన్నె చేలల్లో కూలికి పోయేవాడికీ అదే 30. ఆ పట్టిక వేలిని కొలుస్తుంది, పోయిన కూలిని కొలవదు.

40 శాతం లేకుంటే చట్టం ఒప్పుకోదని అధికారులు అంటారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సామాజిక భద్రత గురించి చెప్పేది 24వ సెక్షన్. అందులో 40 అనే అంకె లేదు. పింఛనుకు ఆ గీత గీసింది ప్రభుత్వమే. గీసినవాళ్లు చెరపగలరు కూడా.

ఈలోగా మనం తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒకరికి రెండు లోపాలుంటే రెండూ లెక్కలోకి రావాలి. కాలికి 30, చెవికి 20 అనుకోండి. 90లోంచి 30 తీస్తే 60. దాన్ని 20తో హెచ్చవేసి 90తో భాగిస్తే 13.3. దీన్ని 30కి కలిపితే 43.3. అంటే పింఛను వస్తుంది. కాలు ఒక్కటే చూపించి వస్తే రాదు. కాబట్టి ఉన్న లోపాలన్నీ దరఖాస్తులో రాయించండి. పాత ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు వెంట తీసుకుపోండి. తాత్కాలిక సర్టిఫికెట్ అయితే గడువు తేదీ చూసుకుని ముందే స్లాట్ పెట్టించుకోండి.

సర్టిఫికెట్ ఇవ్వమంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. 59వ సెక్షన్ కింద అప్పీలు మన హక్కు. పింఛను నోటీసు మీద అప్పీలు ఎంపీడీఓ కార్యాలయంలో ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.

మన డిమాండ్లు మూడు. అప్పీలు తేలేదాకా ఒక్క పింఛనూ ఆపకూడదు. పరీక్ష శిబిరాలు మండల కేంద్రంలోనే పెట్టాలి, నడవలేనివారి ఇంటికి డాక్టరే రావాలి. 40కి లోపున్న కష్టజీవులకు సగం పింఛనైనా ఇవ్వాలి.

నోటీసు వచ్చినవాళ్లు ఇంట్లో కూర్చుని కుమిలిపోవద్దు. కాగితాలు తీసుకుని సంఘం దగ్గరికి రండి. ఒక్కరుగా పోతే రేపు రమ్మంటారు. అందరం కలిసి పోదాం.