బడి అడిగినవాళ్ల పేర్లు కూడా రాద్దాం



క్రైస్తవ మిషనరీల మాట వస్తే చాలు, మన హాస్టళ్లలో రెండు జట్లు తయారవుతాయి. "తెల్లదొరలు రాకపోతే మనకు అక్షరం ఎక్కడిది?" అంటుంది ఒక జట్టు. "అక్షరం ఎరచూపి మతం మార్చారు, మన సంస్కృతిని చెరిపేశారు" అంటుంది ఇంకో జట్టు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ రెండింటిలోనూ పని చేసేవాడు దొరే. మన తాతలు చేతులు చాచి నిలబడినవాళ్లు మాత్రమే. జరిగింది అది కాదు.

1813 చార్టర్ చట్టం తర్వాత కంపెనీ పాలనలో మిషనరీలకు దారి దొరికింది. 1854 వుడ్ డెస్పాచ్ తర్వాత వారి బడులకు సర్కారు గ్రాంటు కూడా అందింది. అంతమాత్రాన ఆ తలుపులు మన వాడల వైపు తెరుచుకోలేదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టారు. ఆయన దృష్టంతా అగ్రవర్ణాల పిల్లల మీదే. పై కులాలు మారితే కింది కులాలు వాటంతటవే వస్తాయని ఆనాడు చాలామంది మిషనరీలు నమ్మేవారు. అంటరానివారిని చేర్చుకుంటే మిగతావాళ్లు వెళ్లిపోతారని మన పిల్లల్ని ఆ బడి దూరంగానే ఉంచింది. సర్కారు బడి అంతకన్నా మెరుగు కాదు. బొంబాయి రాష్ట్రంలోని ధార్వాడలో 1856లో ఒక మహర్ బాలుడిని ప్రభుత్వ బడిలోకి రానివ్వలేదు.

మరి తలుపు ఎలా తెరుచుకుంది? ఒంగోలు వైపు చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చారు. ఆయన బడికీ మొదట వచ్చింది ఊరి పెద్ద కులాల పిల్లలే. కానీ తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తనవాళ్లను కూడగట్టుకుని క్లౌ ముందుకు వచ్చాడు. మాదిగలు చేరితే మా పిల్లలు రారని అవతలివాళ్లు తెగేసి చెప్పారు. క్లౌ దంపతులు ఎవరో ఒకరిని ఎంచుకోవలసి వచ్చింది. వాళ్లు మనవాళ్లను ఎంచుకున్నారు. ఆ ఘనత వారికి ఇవ్వాల్సిందే. అయితే ఎంచుకోక తప్పని పరిస్థితి తెచ్చినవాడు పేరయ్య. మరి మన ఉపన్యాసాల్లో క్లౌ పేరు వినిపించినన్నిసార్లు పేరయ్య పేరు ఎందుకు వినిపించదు?

"గంజి కోసం మతం మారారు" అని ఎగతాళి చేసేవాళ్లకు కూడా జవాబు ఇక్కడే ఉంది. పేరయ్య వచ్చిన పదేళ్లకు గానీ 1876-78 కరువు రాలేదు. ఆ కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కానీ ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ఆగిన తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూలి కోసమే అయితే కూలి అయిపోయాక ఎందుకు వస్తారు? మనిషిగా చూసే చోటు వెతుక్కుంటూ వచ్చారు.

దానికి వాళ్లు పెద్ద మూల్యమే చెల్లించారు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు అన్నవి చేరినవాళ్లకు పెట్టిన నియమాలు. వాటి ప్రకారం జాతరలో డప్పు కొట్టనన్నందుకు, ఆదివారం వెట్టికి రానన్నందుకు ఊరి పెద్దలు వాళ్లను హింసించారు, నీళ్లు కూడా దొరకకుండా చేశారు. మన చరిత్రలో "కొట్టను" అని నిలబడటం చిన్న విషయం కాదు.

ఇక రెండో జట్టు మాట. మిషనరీలు మన దేవతలను దయ్యాలన్నారు. డప్పు విగ్రహారాధనలో భాగం కాబట్టి దాన్ని వదిలిపెట్టించారు. వెట్టి పోవడం మంచిదే. కానీ దానితోపాటు తరతరాల కళ కూడా కొన్ని ఇళ్లలో మూగబోయింది. ఆ నష్టాన్ని దాచి మిషనరీలను పొగడటం నిజాయితీ కాదు.

అయితే మనవాళ్లు దొర నేర్పిన పాఠం దగ్గరే ఆగిపోలేదు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా గారు గుంటూరు లూథరన్ మిషన్ ట్రైనింగ్ స్కూల్లో పంతులుగా పనిచేశారు. ఆయన పద్యాన్ని ఎంచుకుంటే, పద్యం నీకెందుకని ఒకవైపు నుంచి, పురాణ కథలు నీకెందుకని క్రైస్తవ పెద్దల వైపు నుంచి అడ్డుపడ్డారు. ఆయన ఇద్దరి మాటా వినలేదు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. మిషన్ ఇచ్చిన అక్షరంతో ఏం రాయాలో మిషన్ చెప్పలేదు, ఆయనే తేల్చుకున్నారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అక్షరం కావాలా, డప్పు కావాలా అని ఎవరైనా అడిగితే, రెండూ మావే అని చెప్పండి. హాస్టల్ సీటు కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, అడిగి సాధించుకున్నది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ వాడలో మొదట బడికి వెళ్లింది ఎవరో, వాళ్లకు చదువు చెప్పిన పంతులు ఎవరో, పిల్లల్ని పంపమని పట్టుబట్టిన తాతమ్మ ఎవరో అడగండి. రాసుకురండి. వచ్చే ఏడాది సంచికలో దొరల పేర్ల పక్కన ఆ పేర్లు కూడా అచ్చువేద్దాం.